రింగ్ మీద ఒక్క సెకను

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను సెకండ్ పీయూ, అంటే ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాను. మాది చిత్తూరు. నాన్న ఉద్యోగం వల్ల పదేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో గార్డ్‌గా ఆడతాను. ప్రాక్టీసులో పది ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు లైన్ దగ్గర నిలబడి, ఎవరూ అడ్డుకోకుండా వేసేవి) వేస్తే ఏడో ఎనిమిదో పడతాయి. మ్యాచ్‌లో నాలుగు పడితే గొప్ప. పోయిన నెల ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆఖర్లో నాకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. రిఫరీ బంతి ఇచ్చాక స్కోరుబోర్డు చూశాను, అమ్మ ఎక్కడ కూర్చుందా అని చూశాను, టెన్షన్‌లో గబుక్కున వేసేశాను. రెండూ రింగ్ ముందంచుకి కొట్టుకుని బయటికొచ్చాయి. నా ఎల్బో బయటికి పోతోందని కోచ్ సార్ అంటారు. అప్పట్నుంచి బంతి పట్టుకుంటే ఎల్బోనే గుర్తొస్తోంది, ఆట ఇంకా పాడైంది. నాన్న ఒక కంటి ట్రైనింగ్ యాప్ చూపించారు. ఏడాదికి నాలుగు వేలట, తెర మీద చుక్కల వెంట కళ్ళు పరిగెత్తించాలి. తాతయ్యేమో ఫోన్ చేసినప్పుడల్లా అర్జునుడు, పక్షి కన్ను కథ చెప్తారు. కళ్ళకి శిక్షణ ఇస్తే నిజంగా గురి కుదురుతుందా? అయితే ఏం చెయ్యాలి?
(పేరు వెయ్యవద్దు, మారతహళ్ళి)

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ ఒకచోట పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. "స్కోరుబోర్డు చూశాను, అమ్మ ఎక్కడ కూర్చుందా అని చూశాను" అన్నచోట. నీ ప్రశ్నకి సగం జవాబు నువ్వే రాసి పంపావు. ఆ రెండూ చూశాక రింగ్‌ని ఎంతసేపు చూశావో మాత్రం రాయలేదు. అడిగినా చెప్పలేవులే, అది ఎవరికీ గుర్తుండదు.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. యాప్ కొనొద్దని నాన్నగారికి చెప్పు. చుక్కల వెంట కళ్ళు పరిగెత్తిస్తే చుక్కల్ని పట్టుకోవడం బాగా వస్తుంది, అంతే. ఇలాంటి కంటి కసరత్తులు ఆటకి పనికొస్తాయా అని ఆస్ట్రేలియా పరిశోధకులు రాకెట్ ఆటల మీద పరీక్షించి 2001లో ప్రచురించారు. కసరత్తు చేసినవాళ్ళు చెయ్యనివాళ్ళకంటే మెరుగుపడలేదు. ఆ నాలుగు వేలలో కొంత పెట్టి కంటి డాక్టరుకి చూపించుకో. నా దగ్గర ఆడిన పిల్లల్లో కనీసం ముగ్గురు తమకి దూరపు చూపు తగ్గిందన్న సంగతి తెలియకుండానే ఏళ్ళ తరబడి ఆడారు. వాళ్ళకి రింగ్ కనిపించేది, అంచు కనిపించేది కాదు. నీకు అద్దాలు అవసరమైతే స్ట్రాప్ ఉన్న స్పోర్ట్స్ అద్దాలు దొరుకుతాయి. సిగ్గుపడకు.

కళ్ళు బాగున్నాయని తేలాక అసలు విషయంలోకి వద్దాం. చూపుకి శిక్షణ ఇవ్వొచ్చు, దానివల్ల గురి మెరుగవుతుంది కూడా. కాకపోతే యాప్‌వాళ్ళు కళ్ళని పరిగెత్తించమంటున్నారు. నీకు కావలసింది నిలబెట్టడం.

కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ అని ఒక ఆవిడ దీని మీద పరిశోధన చేశారు. బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిల తలకి, కన్ను ఎటు చూస్తోందో పట్టే పరికరం తగిలించి ఫ్రీ త్రోలు వేయించారు. ఆ ఫలితాలు 1996లో వచ్చాయి. అందరూ మంచి ప్లేయర్లే. వాళ్ళలో ఫ్రీ త్రో బాగా వేసేవాళ్ళకీ అంతంతమాత్రంగా వేసేవాళ్ళకీ చూపులో ఒక తేడా దొరికింది. బాగా వేసేవాళ్ళు చేతులు పైకి లేవకముందే రింగ్ మీద ఒకచోట చూపు పెట్టి దాదాపు ఒక సెకను అక్కడే ఉంచారు. మిగతావాళ్ళ చూపు అర సెకను కూడా నిలవలేదు. చెయ్యి కదలబోయే ముందు ఒకేచోట నిలిచే ఆ ఆఖరి చూపుకి వికర్స్ 'క్వయిట్ ఐ' అని పేరు పెట్టారు. నేను పిల్లలకి నిలకడ చూపు అని చెప్తుంటాను. ఆ తర్వాత గోల్ఫ్‌లో, గాల్లో ఎగిరే పళ్ళేలని కొట్టే షాట్‌గన్ షూటింగ్‌లో, మంచు మీద స్కీలతో జారుకుంటూ వచ్చి తుపాకి పేల్చే బయాథ్లాన్‌లో కూడా దీన్ని వెతికారు. గురి ఉన్న చాలా ఆటల్లో ఇది ఏదో రూపంలో కనబడుతూనే ఉంది.

ఒక్క సెకను చూస్తే ఏమొస్తుందని అనిపిస్తుంది. చదవడం ఆపి ఇంట్లో అద్దం ముందుకెళ్ళు. నీ ఎడమ కంటిని చూడు, తర్వాత కుడి కంటిని చూడు, మళ్ళీ ఎడమ కంటిని. ఎన్నిసార్లు మార్చినా నీ కళ్ళు కదలడం నీకు కనిపించదు. పక్కన తమ్ముణ్ణో అమ్మనో నిలబెడితే వాళ్ళకి స్పష్టంగా కనిపిస్తుంది. కన్ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకేటప్పుడు మెదడు ఆ కాసేపూ చూపుని దాదాపు ఆపేస్తుంది. మామూలుగా మన కన్ను సెకనుకి మూడు నాలుగుసార్లు ఇలా దూకుతుంది. ఇప్పుడు చెయ్యి చాచి బొటనవేలు పైకెత్తి గోరుని చూడు. మన కంటికి నిజంగా స్పష్టంగా కనిపించే మేర దాదాపు ఆ గోరంతే. మిగతాదంతా ఉజ్జాయింపు. ఆ గోరంత మేరతో స్కోరుబోర్డు, అమ్మ, రిఫరీ, బంతి, రింగ్ అని గంతులేస్తే రింగ్ వాటాకి మిగిలేదెంత?

నిలకడ చూపు అనాలంటే చూపు మూడు డిగ్రీల లోపల ఉండాలని వికర్స్ లెక్క పెట్టారు. ఇలాంటి లెక్కలు చదివితే నాకు చెయ్యి ఊరుకోదు. నీలాంటి అమ్మాయి లైన్ మీద నిలబడితే కంటి నుంచి రింగ్ నడుమకి నాలుగున్నర మీటర్ల చిల్లర. అంత దూరాన మూడు డిగ్రీలంటే దాదాపు 23 సెంటీమీటర్లు. మీరు ఆడే ఆరో నంబరు బంతి అడ్డకొలత కూడా సరిగ్గా అంతే! రింగ్ లోపలి కొలత 45 సెంటీమీటర్లు. అంటే రింగ్ మొత్తాన్ని చూస్తున్నానంటే చాలదు, అందులో సగం మేరలో చూపు ఆగాలి.

నువ్వు గోళీలాడి ఉండవు, మీ నాన్నగారు తప్పకుండా ఆడి ఉంటారు. అడుగు. బొటనవేలు నేలకి ఆన్చి, మధ్యవేలు వెనక్కి వంచి గోళీ పట్టుకున్నాక, ఎదుటి గోళీని చూస్తూ ఒక్క క్షణం బిగబట్టి ఆగేవాళ్ళం. ఆ క్షణంలో వేలిని ఎవరూ చూసుకోరు. వేలిని చూసుకున్న కుర్రాడి గోళీ పక్కనించి పోయేది, అందరం నవ్వేవాళ్ళం. ఎంత దూరం, ఎంత బలం అన్న లెక్క వేలికి తెలియదు, కన్ను అందించాలి. కన్ను మధ్యలో లేచిపోతే చెయ్యి పాత లెక్కతోనో అరకొర లెక్కతోనో పని కానిచ్చేస్తుంది.

తాతయ్య కథ సంగతి. ఆయన్ని విసుక్కోకు. పెద్దవాళ్ళు ఆ కథలో "పక్షి కన్ను తప్ప ఏమీ కనిపించడం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోతారు. నాకు నచ్చేది ఇంకో ముక్క. అర్జునుడు విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డాక ద్రోణుడు వెంటనే కొట్టమనలేదు. కాసేపు అలాగే ఉంచి, అప్పుడు అడిగాడు ఏం కనిపిస్తోందని. ఆ కాసేపు గురించి ఎవరూ మాట్లాడరు. ఈసారి ఫోన్‌లో తాతయ్యని అదే అడుగు, ఆయనకి ఉత్సాహం వస్తుంది.

ఇక ఎల్బో. ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఒక బడిలో పీఈటీగా ఉన్నప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అచ్చం నీలాగే మ్యాచ్‌లో తప్పేది. నాకు తెలిసిన మందు ఒక్కటే, ఎల్బో. చంకలో మడిచిన న్యూస్‌పేపర్ పెట్టి, అది కింద పడకుండా వెయ్యమని ఒక సీజన్ మొత్తం సతాయించాను. పేపర్ పడటం మానేసింది. బంతి కూడా పడటం మానేసింది. మరుసటి ఏడాది ఆ పిల్ల వాలీబాల్‌కి మారిపోయింది. వెళ్తూ, "మేడమ్, బంతి పట్టుకుంటే పేపరే గుర్తొస్తోంది" అంది. నీ ఉత్తరంలో ఎల్బోనే గుర్తొస్తోంది అని చదవగానే ఆ పిల్లే కళ్ళ ముందు నిలబడింది.

దీని మీద కూడా 2005లో ఒక ప్రయోగం వచ్చింది. ఒకే మనుషుల చేత, ఒకసారి మణికట్టు మీద ధ్యాస పెట్టి, ఒకసారి రింగ్ మీద ధ్యాస పెట్టి ఫ్రీ త్రోలు వేయించారు. రింగ్ మీద పెట్టినప్పుడే బాగా పడ్డాయి, చేతి కండరాలు కూడా తక్కువ శ్రమపడ్డాయి. కాబట్టి మీ కోచ్ సార్ చెప్పింది అబద్ధమని కాదు. ఎల్బో దిద్దుకోవాలంటే దానికి వేరే సమయం పెట్టుకో, గోడ దగ్గర, రింగ్ లేకుండా. లైన్ మీద నిలబడ్డాక ఎల్బో ఊసే వద్దు. సార్‌తో వాదన పెట్టుకోకు. "సార్, ఒక నెల రోజులు చూపు మీద పని చేసి చూస్తాను, మీరు లెక్క రాయండి" అని అడుగు. లెక్క రాయమంటే కాదనే కోచ్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు పద్ధతి. వికర్స్ బృందం ఒక విశ్వవిద్యాలయ అమ్మాయిల జట్టుకి నేర్పిందే ఇది, నా చేర్పులు కొన్ని ఉన్నాయి.

బంతి చేతికి రాకముందే లైన్ దగ్గర నిలబడి తల పైకెత్తు, రింగ్ వైపు చూడు. స్కోరుబోర్డు చూడాలనిపిస్తే ఈ లోపలే చూసేసుకో, అమ్మని కూడా. బంతి అందాక ఇక చూపుకి రింగ్ తప్ప వేరే ఊరు లేదు. మూడుసార్లు నిదానంగా బంతి కొట్టు. కొట్టినప్పుడల్లా మనసులో ఒక మాట అనుకో. వాళ్ళ అమ్మాయిలకి, బంతి నేరుగా నెట్‌లోకే పోతుందన్న అర్థం వచ్చే మూడు ముక్కల ఇంగ్లీషు మాట ఇచ్చారు. నీకు ఏది నోరు తిరిగితే అది. నా దగ్గర ఆడిన ఒక పిల్ల "తట్టె, ఇడ్లి, చట్నీ" అనుకునేది. ప్రాక్టీసు అయ్యాక తినబోయేది అదే మరి. నేను అభ్యంతరం చెప్పలేదు. మాట ఏదైనా, ఆ రెండు సెకన్లూ మనసులోకి స్కోరు రాకుండా ఉంటే చాలు.

తర్వాత బంతిని వేసే భంగిమలో పట్టుకుని రింగ్ మీద ఒక్కచోట చూపు ఆపు. ఎక్కడ అన్నది నీ ఇష్టం. ముందంచు కావచ్చు, వెనకంచు కావచ్చు. ఒకసారి ఎంచుకుంటే మార్చకు. రింగ్‌కి నెట్ కట్టే కొక్కేలు పన్నెండు ఉంటాయి. నీకు ఎదురుగా, అన్నిటికంటే దగ్గర్లో ఉండే కొక్కేన్ని చూడమంటాను నేను. 'రింగ్ చూడు' అంటే చూపు జారిపోతుంది, 'ఆ కొక్కెం చూడు' అంటే ఆగుతుంది. ఇంకా ఎక్కువ చిన్నవాటి కోసం వెతక్కు, తుప్పు మరక అనీ నెట్ ముడి అనీ. ప్రతి కోర్టులోనూ ఉండేదాన్నే నమ్ముకోవాలి. అక్కడ చూపు ఆగాక మనసులో "చూశా... నిలిపా..." అనుకో. ఆ రెండు మాటలూ నింపాదిగా అనుకుంటే సెకను పైన పడుతుంది.

నిలిపాక ఆలస్యం చెయ్యకు. చాలామంది పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు. చూపు నిలపమన్నారు కదా అని విగ్రహంలా నిలబడిపోతారు, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. చూపు నిదానం, వేత చురుకు. బంతి నీ ముఖం ముందునుంచి పైకి పోతూ రింగ్‌ని కాసేపు కమ్మేస్తుంది, కమ్మనీ. వికర్స్ చూసిన వాటిలో అన్నిటికంటే వింత ఇదే. బాగా వేసేవాళ్ళు బంతి పైకి పోయేటప్పుడు రింగ్‌ని అంటిపెట్టుకుని చూడటం లేదు. రెప్ప వేస్తున్నారు, లేదా చూపు వదిలేస్తున్నారు. లెక్క అప్పటికే అయిపోయింది, ఇప్పుడు ముఖం మీదుగా కదిలే బంతిని చూస్తే ఉన్న లెక్క చెడుతుంది. చూడవలసింది ముందు చూసెయ్యాలి అన్నమాట. మనం చేసేది తలకిందులు. బంతి వెళ్ళిపోయాక కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తాం, పడుతుందా పడదా అని.

ఇదంతా చెయ్యడానికి సమయం ఎక్కడుంది అంటావేమో. మన దగ్గర నడిచే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) నిబంధనల్లో రిఫరీ బంతి ఇచ్చాక ఐదు సెకన్లలో వెయ్యాలి. మూడు దెబ్బలకి రెండు సెకన్లు, చూపుకి ఒకటీ ఒకటింబావు, వేతకి ఒకటి లోపు. నాలుగు చిల్లరతో సరిపోతుంది. నీ ఐదు సెకన్లలో మొదటి రెండూ స్కోరుబోర్డుకీ అమ్మకీ పోయాయి, అందుకే గబుక్కున వెయ్యాల్సి వచ్చింది. బెంచి మీద నుంచి ఎవరైనా "బేగ హాకు" (తొందరగా వెయ్యి) అని కన్నడంలో అరుస్తారు, అరవనీ.

ఆ టెన్షన్ గురించి. అది నీ ఒక్కదాని బలహీనత కాదు. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ప్లేయర్ల మీద ఒత్తిడి పెంచి ఫ్రీ త్రోలు వేయించి, 2009లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఒత్తిడి పెరిగేసరికి నిలకడ చూపు కురచైపోయింది, పడే బంతులూ తగ్గాయి. భయం వేస్తే కన్ను చుట్టూ వెతుకుతుంది, అడవిలో బతికిన రోజుల అలవాటు. "టెన్షన్ పడకు" అని నీకు వందమంది చెప్పి ఉంటారు, దానివల్ల నయాపైసా ఉపయోగం లేదు. గుండె ఎంత కొట్టుకున్నా ఫరవాలేదు, కొక్కెం మీద చూపు సెకను నిలిస్తే చాలు అనుకో. గుండె నీ మాట వినదు, కన్ను కాస్త వింటుంది.

ప్రాక్టీసులో ఎనిమిది, మ్యాచ్‌లో నాలుగు ఎందుకో నాకు ఇంకో అనుమానం ఉంది. నువ్వు లైన్ మీద నిలబడి పదీ వరసగా వేస్తున్నావు కదా? అలా వేస్తే మొదటిది కుడికి పోతే రెండోది సర్దుకుంటావు, నాలుగో బంతికి చెయ్యి దారిలో పడుతుంది, అక్కణ్ణుంచి చూపుతో పని లేకుండా బండి నడుస్తుంది. మ్యాచ్‌లో నాలుగో బంతి ఎవరిస్తారు? రెండే ఇస్తారు, అదీ కోర్టంతా పరిగెత్తి, ఎవరో గుద్దితే పడి లేచాక. కాబట్టి రేపటి నుంచి వరసగా పది వెయ్యడం మానెయ్యి. కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు పరిగెత్తు, వచ్చి రెండు వెయ్యి. బంతి ఇచ్చేసి పక్కకి పో, నీళ్ళు తాగు, మళ్ళీ పరిగెత్తు, మళ్ళీ రెండు. రోజుకి ఇలా పది విడతలు చాలు. మొదట్లో నీ ఎనిమిది ఐదుకి పడిపోతుంది. పడిపోవాలి, నీ అసలు లెక్క అదే.

వారంలో ఒకరోజు ఫ్రెండ్స్‌ని రింగ్ వెనక నిలబెట్టి గోల చెయ్యమను. రెండూ పడకపోతే అందరికీ నువ్వే టీ ఇప్పించాలని పందెం పెట్టుకో. పది రూపాయల టీకి కూడా చెయ్యి వణుకుతుంది, చూడు కావాలంటే.

అపార్ట్‌మెంట్‌లో ప్రాక్టీసు చేస్తున్నట్టయితే ఒక జాగ్రత్త. టేపు పట్టుకెళ్ళి కొలువు. నేల నుంచి రింగ్ 3.05 మీటర్లు ఉండాలి, బోర్డు నుంచి ఫ్రీ త్రో లైన్ 4.6 మీటర్లు. మహదేవపుర వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో నేను కొలిస్తే రింగ్ జానెడు కిందికి ఉంది, లైన్ పార్కింగ్‌వాళ్ళు పెయింట్ వేసినప్పుడు ఒక అడుగు ముందుకి జరిగింది. అక్కడ ఏడాది ఆడిన పిల్లల కన్ను తప్పుడు దూరం నేర్చుకుని కూర్చుంది. బయట కోర్టుకెళ్తే అన్నీ కురచే. నీ బంతులు రెండూ ముందంచుకే తగిలాయన్నావు కదా, ముందు ఇది చూసుకో. ఇంకో మాట, నాలుగో క్వార్టర్‌లో బంతి కురచగా పడటానికి చాలాసార్లు కాళ్ళ అలసటే కారణం. కంటి మీద నెట్టేసి కాళ్ళని వదిలెయ్యకు.

నీ చూపు ఎంతసేపు నిలుస్తోందో తెలుసుకోవడానికి కెనడా పరికరం అక్కర్లేదు. ఎవరైనా రింగ్ కింద నిలబడి ఫోన్‌లో నీ ముఖాన్ని దగ్గరగా జూమ్ చేసి స్లో మోషన్‌లో తియ్యాలి. చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేములు తీసే సదుపాయం ఉంది. అది స్లో మోషన్‌లోనే వేసి చూస్తే ఒక సెకను ఎనిమిది సెకన్లంత సాగుతుంది. నీ కళ్ళు బంతి నుంచి లేచి రింగ్ మీద ఆగిన చోట నుంచి సెకనుకి ఒకటి చొప్పున లెక్కపెట్టడం మొదలుపెట్టు, చేతులు పైకి కదలగానే ఆపు. ఎనిమిది దాకా వస్తే సెకను. నాలుగు దగ్గరే చేతులు లేచిపోతే అర సెకను. మొదటిసారి చూసినప్పుడు నీకే నవ్వొస్తుంది. మా పిల్లల్లో ఒకతె తాను రింగ్‌నే చూస్తున్నానని ఒట్టు పెట్టింది. వీడియోలో చూస్తే కళ్ళు రింగ్‌కి పోయి, బంతి మీదికి దిగి, ఎడమ పక్క ఎవరినో చూసి, మళ్ళీ రింగ్‌కి వచ్చేలోపే బంతి చేతిలోంచి వెళ్ళిపోయింది. మా కన్నడ కోచ్ ఒకాయన "కణ్ణు ఎల్లిదె?" (కన్ను ఎక్కడుంది?) అని కోర్టంతా వినబడేలా అరిచేవాడు. ఆ వీడియో చూశాకే ఆ అరుపుకి అర్థం తెలిసిందంది. పడ్డ బంతులవి, తప్పిన బంతులవి వేరువేరుగా ఓ పది చొప్పున చూడు. నోట్‌బుక్‌లో రాయి.

జంప్ షాట్‌కి, అంటే ఎగిరి వేసేదానికి, ఇదంతా యథాతథంగా పనికిరాదు. అక్కడ సెకను ఎవరిస్తారు! బంతిని తల పైకి తీసుకెళ్ళి వేసేవాళ్ళు, బంతి ముఖం దాటాక దాని కిందుగా రింగ్‌ని చూసి వేస్తారని, ఆ ఆఖరి కాసింత చూపే వాళ్ళకి సరిపోతుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2002లో చూపించారు. నీది ఏ రకం వేతో తెలియకుండా దాని గురించి ఇంకేమీ చెప్పను. ముందు ఫ్రీ త్రో చూసుకో.

ఎన్నాళ్ళు పడుతుంది? కాల్గరీవాళ్ళు నేర్పిన ఆ జట్టు మ్యాచుల్లో ఫ్రీ త్రోలు వందకి 54 దగ్గర నుంచి 76 దాకా వచ్చింది, కానీ అందుకు రెండు సీజన్లు పట్టింది. పైగా అది ఒక్క జట్టు, కొద్దిమంది అమ్మాయిలు. నీకూ సరిగ్గా అంతే పెరుగుతుందని నేను రాసివ్వను. వచ్చే నెల టోర్నమెంటు ఉంటే అప్పటికి నాలుగు ఐదైతే సంతోషించు. ఒక్క పాయింటుతో ఓడిపోయినవాళ్ళకి ఐదు చిన్న అంకె కాదు. 2017లో మహిళల ఆసియా కప్ మన కంఠీరవ ఇండోర్ స్టేడియంలోనే జరిగింది. బి డివిజన్ ఫైనల్లో మన అమ్మాయిలు కజకిస్తాన్ మీద 75-73తో గెలిచారు. ఆ రెండు పాయింట్లు అంటే ఎన్ని ఫ్రీ త్రోలో నీకు చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే, కోర్టు ఖాళీగా ఉన్నప్పుడు, వీడియో తియ్యడానికి అమ్మని తీసుకెళ్ళు. మ్యాచ్‌లో ఆవిడ ఎక్కడ కూర్చోవాలో కూడా అక్కడే మాట్లాడుకోండి, ప్రతిసారీ ఒకేచోట అయితే నువ్వు వెతకక్కర్లేదు. రింగ్ కిందికి మరీ రావద్దని చెప్పు, కాస్త పక్కకి నిలబడమను. మొదటి వారం బంతులు ఎక్కడ పడతాయో చెప్పలేం.